జోగినాయుడింటి పందెం ప్లాను

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున తమ వంశమే వరసలో ముందు నిలబడిందని కుంచాలవలస జోగినాయుడి ఇంటివాళ్ళ నమ్మకం. నిలబడిన మాట నిజమే అయ్యుంటుంది. ఆ వరస దేనికో అడిగి నిలబడ్డారా అన్నదే మా ఊరివాళ్ళ అనుమానం. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరి గేదె ఈనినా, జోగినాయుడు పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి సలహా చెప్పొచ్చేవాడు. తమ ఇంట్లో తెలివి ఎక్కువైపోయి గాదెల్లో పోసుకుంటున్నామని చెప్పుకునేవాడు. ఆ గాదె ఖాళీ అని ఊరందరికీ తెలుసు, ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప.

ఆ ఇంటికి ఇంకో పేరు కూడా ఉంది. మొదలుపెట్టిన పని ఏదీ ఆఖరుదాకా చెయ్యరని. నుయ్యి తవ్వుతుంటే నీళ్ళు పడ్డాయి. అయ్యో, గొయ్యంతా తడిసిపోయిందే అని పూడ్చేశారు. మేడకి ముందు మెట్లు కట్టారు. చివరి మెట్టు మీద నిలబడితే గాలి బాగా తగిలింది. గాలి కోసమే కదా మేడ, ఇంక మేడెందుకని ఆపేశారు. పెద్దకొడుకు కూర్మినాయుడికి మీసం ఒక పక్కే ఉండేది. రెండో పక్క ఎప్పుడో గొరిగించుకుంటుంటే మంగలి భోజనానికి లేచాడు. వీడూ లేచి ఇంటికొచ్చేశాడు. అంతే, మళ్ళీ వెళ్ళలేదు.

చిన్నకొడుకు పోలినాయుడి సంగతి కొంచెం వేరు. తెలివి ఇంటి వాటా ప్రకారమే వచ్చింది గాని, ఒళ్ళు మాత్రం ఉక్కు. తప్పిపోయిన గేదెల కోసం సముద్రపు పాయకి అడ్డంపడి ఈదేవాడు. సైకిలు మీద వంకాయల బస్తా కట్టుకుని కొండ మీద సంతకి ఆగకుండా తొక్కేవాడు. బస్తా దింపాక సైకిలు అక్కడే మర్చిపోయి ఇంటిదాకా పరిగెత్తుకొచ్చేవాడు, గుర్తొచ్చి మళ్ళీ పరిగెత్తేవాడు. ఇన్ని చేసినా వాడికి ఆయాసం రావడం ఎవరూ చూడలేదు.

వీడు చినరేవు దాలినాయుడి కూతురు మంగవేణిని ఇష్టపడ్డాడు. ఆ పిల్ల తెలివైంది. అయినా వీడంటే ఇష్టపడింది. ఇష్టానికి తెలివితో పనేముంది? తండ్రిని వెంటబెట్టుకుని ఇల్లు చూడ్డానికి వచ్చింది. పూడ్చిన నుయ్యి చూసింది, ఆకాశానికి వేసిన మెట్లు చూసింది, బావగారి మీసం చూసింది. మూకుడులో సగం వేగి ఆగిపోయిన గారెలు కూడా చూశాక లేచి నిలబడింది.

"నువ్వంటే నాకు ఇష్టమే పోలీ. కానీ మొదలెట్టింది ఏదీ ఆఖరుదాకా సెయ్యని ఇంట్లో నేను కాపరం ఎలా మొదలెట్టనూ? ఒక్క పని, ఒకే ఒక్క పని, పూర్తిగా సేసి సూపించండి. అప్పుడొస్తాను" అంది.

ఏ పని చెయ్యాలో కూడా ఆ పిల్లే చెప్పింది. పట్నం నుంచి ఎవరో వచ్చి మా ఒడ్డున పెద్ద పోటీ పెడుతున్నారు. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. కుంచాలవలస దగ్గర సముద్రంలో దిగి దూరాన నిలిపిన పడవ చుట్టూ ఈదుకుని రావాలి. సైకిలెక్కి కొండ పైదాకా వెళ్ళి దిగాలి. దిగాక ఒడ్డు వెంట చినరేవు దాకా పరిగెత్తాలి. పొద్దు గుంకేలోపు చినరేవులో గీసిన గీత దాటాలి. గెలవక్కర్లేదు, గీత దాటితే చాలని చెప్పి మంగవేణి వెళ్ళిపోయింది. పోలినాయుడు ఆ రాత్రి అన్నం పూర్తిగా తిన్నాడు. ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఇంకేముంది, ఇల్లంతా ప్లాను మీద పడింది. ఈదడం, తొక్కడం, పరిగెత్తడం ఎవరైనా చేస్తారు, బుర్ర ఉన్నవాడు ముందు ప్లాను వేస్తాడని జోగినాయుడు తేల్చాడు. సలహాకి జగ్గారావు మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. కుర్రతనంలో ఇలాంటి పోటీల్లో పరిగెత్తినవాడే. మంచివాడు. కాకపోతే ఏది చెప్పినా సూక్తిలా చెప్తాడు, ఎవరి చెవిలో పడుతోందో చూసుకోడు.

మొదటి రోజు ఆయన, కళ్ళు మూసుకున్నా దారి తెలిసేంతగా అలవాటు చేసుకోవాలన్నాడు. మర్నాడు పొద్దున్నే జోగినాయుడి పెళ్ళాం సింహాద్రమ్మ కొడుకు కళ్ళకి తన పాత చీర చెంగు చింపి గంతలు కట్టింది. సైకిలెక్కించి ముగ్గురూ కలిసి ఒక్క తోపు తోశారు. వాడు తిన్నగా వెళ్ళి పక్కింటివాళ్ళు ఆరబెట్టుకున్న జీడిపిక్కల మీంచి, వాళ్ళ కోళ్ళగూడు లోంచి, పెంటకుప్పలోకి వెళ్ళాడు. పక్కింటావిడ చీపురు పుచ్చుకుని వచ్చింది. జోగినాయుడు మాత్రం పొంగిపోయాడు. దారి ఇంకా తెలియలేదు గాని పెంటకుప్ప తెలిసిపోయింది, రోజుకొకటి తెలిస్తే చాలన్నాడు.

రెండోసారి మాస్టారు తలపట్టుకుని, గంతలు విప్పి, తిండి సంగతి చెప్పాడు. ఇలాంటి పోటీలో ఆకలేసిందాకా ఆగకూడదు, ఆకలి వెయ్యకముందే తినాలి, దాహం వెయ్యకముందే తాగాలి. ఇది నిజంగానే మంచి సలహా. కానీ ఆకలి వెయ్యకముందంటే ఎప్పుడో సింహాద్రమ్మకి పెద్ద చిక్కొచ్చిపడింది. వేశాక తెలుస్తుంది గాని వెయ్యకముందు ఎలా తెలుస్తుంది? ఆలోచించి ఆలోచించి, ఆకలి వెయ్యకుండా ఉన్న వేళంతా వెయ్యకముందే కదా అని కనిపెట్టింది. అంతే, వాడు నిద్రలేచింది మొదలు నోట్లో ఏదో ఒకటి కుక్కుతూనే ఉంది. దిబ్బరొట్టె, అంబలి, ఉడకబెట్టిన చిలగడదుంపలు. వాడు వద్దంటే, "సూశావా, ఆకలి నేదు. ఇప్పుడే తినాల" అనేది. వారం తిరిగేసరికి పోలినాయుడు వంగి తన కాళ్ళు తాను చూసుకోలేకపోయాడు.

మూడోసారి ఆయన చెప్పింది ఇంకా మంచి మాట. పోటీ రోజున కొత్తది ఏదీ ఒంటి మీదకి రాకూడదన్నాడు. కొత్త జోడు కరుస్తుంది, కొత్త చొక్కా ఒరుసుకుంటుంది, అందుకని. ఇంటికొచ్చాక కూర్మినాయుడు తెలివిగా ఒక సంగతి పట్టుకున్నాడు. పోటీవాళ్ళు గుండెకి కట్టుకోమని ఇచ్చిన అంకె గుడ్డ కొత్తది. ఇంకేముంది, దాన్ని చింతపండు నీళ్ళలో నానబెట్టారు, రోట్లో వేసి నాలుగు పోట్లు పొడిచారు, గేదె కింద పరిచి రెండు రోజులు ఉంచారు. పైకి తీసేసరికి అంకె పోయింది, వాసన మిగిలింది. ఎంత పాతదైపోయిందో అని ముగ్గురూ మురిసిపోయారు.

ఇవన్నీ కలిపి ప్లాను రాయాలి. కాగితం మీద రాస్తే సముద్రంలో తడుస్తుంది. అందుకని కూర్మినాయుడు వీధి గోడ మీద సున్నంతో రాశాడు. ఆ ఇంట్లో ఆఖరుదాకా కట్టిన గోడ అదొక్కటే, అదీ తాత కట్టింది. పైనుంచి కిందకి ఒక్కో ఇటక వరస మీద ఒక్కో పని. పైన 'సముద్రంలో దిగు' అని మొదలై, అట్టడుగున 'పని అయింది, పడుకో' అని ముగిసింది. దారిన పోయేవాళ్ళందరూ ఆగి చదివి నవ్వుకున్నారు. జోగినాయుడు వాళ్ళకి అసూయ అన్నాడు.

మాస్టారు కూడా వచ్చి చూశాడు. ఇంత గోల మధ్య ప్లాను మాత్రం అక్షరాలా బాగుంది. ఆయన సంతోషపడి నోరు జారాడు. ప్లాను వేసుకుని ఇంట్లో వదిలెయ్యడం కాదు, ఆ రోజు అది నీ పక్కన ఉండాలన్నాడు. అన్నాక ఒక్కసారి గోడ వంక, ఒక్కసారి జోగినాయుడి వంక చూశాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రానికి గోడ లేదు. ఇటకలన్నీ ఎడ్లబండి మీదున్నాయి.

పోటీ రోజు తెల్లవారింది. ఒడ్డు నిండా పట్నం మనుషులు, బిగుతు బట్టలు, వేల రూపాయల సైకిళ్ళు, చేతులూ కాళ్ళూ ఊపుకుంటున్నారు. వాళ్ళ మధ్య జోగినాయుడి కుటుంబం గోడ కడుతోంది. మొదటి పని రాసిన ఇటకలు ముందు దించారు, దించినవి ముందు పేర్చారు. గోడ లేచింది. చదువుకుంటే, పైన 'పని అయింది, పడుకో' అని ఉంది. 'సముద్రంలో దిగు' అట్టడుగున ఇసకలో కూరుకుపోయింది.

పోలినాయుడు ప్లాను చూశాడు. పడుకోమంది, పడుకున్నాడు. ఈల వేశారు. అందరూ ఒక్కుమ్మడిగా నీళ్ళలోకి ఉరికారు. మాస్టారు పరిగెత్తుకొచ్చి, లేవరా వెధవా అని అరిచాడు. వాడు కన్ను తెరవకుండా, ముందు పని పూర్తికాకుండా రెండో పని ఎలా చేస్తానండీ, మంగవేణి పూర్తిగా చెయ్యమంది కదా అన్నాడు. పాపం, ఆ మాటలో వాడి మనసంతా ఉంది. మాస్టారు చేతనైనంత బలంగా గోడని ఒక్క తన్ను తన్నాడు. ప్లాను కూలింది. ప్లాను లేకపోయేసరికి వాడు లేచి తనకి తెలిసినట్టు సముద్రంలో దూకాడు.

ఏం చెప్పమంటారు, గేదెల వెనక ఈదిన ఈత అది. పడవ చుట్టూ తిరిగి వచ్చేసరికి సగం మంది వాడి వెనకున్నారు. నీళ్ళు కారుతూ సైకిలు దగ్గరికి పరిగెత్తాడు. సైకిలు దగ్గర కూర్మినాయుడున్నాడు. ఎవరొచ్చి అడిగినా ఇవ్వద్దని, నేనొచ్చి అడిగినా ఇవ్వద్దని తండ్రి వాడిని కాపలా పెట్టాడు.

"సైకిలియ్యి అన్నయ్యా" అన్నాడు పోలినాయుడు.

"ఇవ్వను. ఎవరడిగినా ఇవ్వద్దన్నాడు నాన్న."

"నా సైకిలే కదేటి."

"నీదే. అందుకే బద్రంగా కాస్తన్నాను."

వెనకబడ్డ సగం మందీ వచ్చారు, సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు. జోగినాయుడు వచ్చి ఇవ్వమన్నాడు. నువ్వొచ్చి అడిగినా ఇవ్వద్దన్నది నువ్వే కదా అన్నాడు కూర్మినాయుడు. జోగినాయుడికి కోపం రాలేదు సరికదా, కొడుకు మాట మీద నిలబడ్డాడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆఖరికి ముడి విప్పింది సింహాద్రమ్మ. అడిగితే కదా ఇవ్వకూడదు, అడక్కుండా లాక్కో అంది. పోలినాయుడు నోరు మూసుకుని లాక్కున్నాడు. అడక్కపోయేసరికి కూర్మినాయుడు కూడా హాయిగా వదిలేశాడు. ముగ్గురూ ఇలాంటి తెలివి ఇంకెవరింట్లో ఉందని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

కొండ దారిలో పట్నం సైకిళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎండ, ఎత్తు. కొందరు దిగి నడిపించుకుంటున్నారు, కొందరు చెట్టు కింద కూర్చుని దండం పెడుతున్నారు. వంకాయల బస్తా లేకుండా ఆ కొండెక్కడం పోలినాయుడికి అదే మొదలు. వీపు మీద బరువు లేక ఏదో మర్చిపోయినట్టు అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడట. సింహాద్రమ్మ ఆటో కట్టించుకుని మలుపు మలుపుకీ ముందే దిగి, ఆకలి వెయ్యకముందే దిబ్బరొట్టె పట్టుకుని నిలబడింది. ప్రతి మలుపులో ఆగి తినకపోతే ఇంకా చాలామందిని దాటేవాడే. తిన్నవాడు తిన్నట్టే తొక్కి, కొండ దిగి, సైకిలు పడేసి పరుగందుకున్నాడు.

అక్కడ మాస్టారు మళ్ళీ ఎదురయ్యాడు. ఆయనకీ బుద్ధి రాలేదు. ఇప్పట్నుంచీ కాళ్ళు ఆగిపొమ్మని చెప్తాయి, వాటి మాట వినకు అని అరిచాడు. అంతే, జోగినాయుడు తన తలపాగా అంచు చింపి కొడుకు రెండు చెవుల్లోనూ కుక్కేశాడు. ఇక కాళ్ళు ఎంత మొత్తుకున్నా వినబడదు. నిజమే. మలుపు దగ్గర పోటీవాళ్ళు ఎడమకి తిరగమని ఎంత మొత్తుకున్నా కూడా వినబడలేదు. వాడు తిన్నగా మళ్ళీ కొండెక్కి సంతలోకి వెళ్ళాడు. అలవాటు చొప్పున వంకాయల ధర కూడా అడిగాడు. మోటారు సైకిలు మీద వెంటబడిన పోటీ మనిషి ఒకడు చెవుల్లో గుడ్డ పీకి పారేసి దారి చూపించాడు.

అప్పటికి పొద్దు వాలిపోయింది. ఒడ్డు వెంట వాడు పరిగెత్తిన పరుగు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వేళ మాలో ఎవరూ నవ్వలేదు. పడిపోయినవాళ్ళని దాటాడు, నడుస్తున్నవాళ్ళని దాటాడు. చినరేవు జనం రోడ్డు మీదకొచ్చి ఈలలేశారు. గీత అవతల మంగవేణి నిలబడి ఉంది. పొద్దున్నుంచి అక్కడే ఉందట, తిండి కూడా ముట్టలేదట. వాడిని చూడగానే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పొద్దు ఇంకా కొండ మీద ఉంది. వాడికీ గీతకీ మధ్య ఒక్క అడుగు.

"ఆగరా" అన్నాడు జోగినాయుడు. ఆటోలో ముందే వచ్చి గీతకి ఇవతల పెళ్ళాంతో, పెద్దకొడుకుతో నిలబడి ఉన్నాడు. "ఆ గీత అవతల ఏటి? చినరేవు. ఆడపెళ్ళివారి ఊరు. మనం మగపెళ్ళివారం. వాళ్ళు ఎదురొచ్చి కాళ్ళు కడిగి పిలవకుండా పొలిమేర దాటీసి ఎల్లిపోతే లోకువైపోమేటి?"

పోలినాయుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. మగపెళ్ళివారి మర్యాద ఎలాంటిదో మన పెళ్ళిళ్ళలో చూస్తూనే ఉన్నాం. తెలివైనవాళ్ళే దాని ముందు తెలివి పారేసుకుంటారు, లేనివాళ్ళ మాట చెప్పాలా?

"పోలీ, ఒక్క అడుగు" అంది మంగవేణి. చెయ్యి చాపింది. "మిగతాదంతా నేను సూసుకుంటాను. ఆ ఒక్క అడుగూ నువ్వెయ్యి."

వాడు ఆమె వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. ఎత్తిన కాలు ముందుకి పడలేదు.

కూతురి కోసం దాలినాయుడు పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. వంగి పోలినాయుడి కాళ్ళు కడగబోయాడు. పెళ్ళికొడుకు అన్న ఉండగా ముందు చిన్నవాడి కాళ్ళు కడుగుతారా అని జోగినాయుడు అడ్డుపడ్డాడు. సరే, కూర్మినాయుడి కాళ్ళు కడిగాడు. మరి పానకమో అంది సింహాద్రమ్మ. ఎవరో కూల్ డ్రింకు సీసా తెచ్చారు. ఎదురుకోలుకి మేళం లేదా అన్నాడు జోగినాయుడు. చినరేవు కుర్రాళ్ళు ఖాళీ డబ్బాలు వాయించారు. డబ్బాల తాళం సరిగ్గా లేదు, మళ్ళీ మొదటినుంచి వాయించమన్నాడు.

వాయిస్తుంటే పొద్దు గుంకింది. పోటీవాళ్ళు ఈల వేసేశారు. ఇద్దరు మనుషులొచ్చి గీత గీసిన పట్టాని చుట్టచుట్టి లారీలో పడేసుకుని వెళ్ళిపోయారు. పోలినాయుడి కాలు ఇంకా గాల్లోనే ఉంది. సముద్రం ఈదినవాడు, ఆ కొండ రెండుసార్లు ఎక్కినవాడు, వట్టి నేల మీద కాలు దించాడు. కథ చెప్తున్న నాకే ఇక్కడ వాడి తండ్రిని ఆ ఇటకల కింద పూడ్చాలనిపిస్తుంది.

మంగవేణికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పైట చెంగుతో తుడుచుకుంది. తర్వాత జోగినాయుడి వైపు తిరిగి, "మీ ఇంట్లో ఒక్క పనైనా ఆఖరుదాకా సెయ్యండి సాలన్నాను. సేసేసినారు బాబూ. ఈ సంబందం పూర్తిగా తేల్చీసినారు" అని తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

జనం తల దించుకున్నారు. జోగినాయుడు మాత్రం కాసేపు ఆలోచించి, ముఖం చాటంత చేసుకున్నాడు. "ఇన్నారా? పూర్తిగా సేసేసినామని పిల్లే ఒప్పుకుంది" అన్నాడు. కూర్మినాయుడు తమ్ముడిని భుజాల మీదకెత్తుకున్నాడు.

పోలినాయుడికి ఎక్కడో చిన్న అనుమానం. "మరి మంగవేణి ఎందుకు ఏడిసిందమ్మా?" అని అడిగాడు.

"పిచ్చినాయినా, అప్పగింతలప్పుడు ఆడపిల్ల ఏడవదేటి?" అంది సింహాద్రమ్మ.

ఇంకేముంది, ఆ రాత్రే ఇంటిముందు పెళ్ళిపందిరి మొదలుపెట్టారు. మూడు గుంజలు పాతారు. నాలుగోది పెళ్ళికూతురు వచ్చాక పాతుదామని ఆపారు. పోలినాయుడు నుదుట బాసికం కట్టుకుని, ఆ మూడు గుంజల మధ్య పీట మీద కూర్చుని, ఇప్పటికీ చినరేవు దారి వంకే చూస్తున్నాడు.